డేటా బదిలీ వేగాన్ని ఒక ప్రమాణం నుంచి మరో ప్రమాణంలోకి ఎలా మార్చాలి

ఇంటర్నెట్ కనెక్షన్ వేగాన్ని ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు మెగాబిట్లలో చెబుతారు. అదే కనెక్షన్ మీద డౌన్‌లోడ్ అవుతున్న ఫైలు పక్కన మాత్రం వేగం సెకనుకు ఇన్ని మెగాబైట్లు అని కనిపిస్తుంది. పెన్ డ్రైవ్ అట్టపెట్టె మీద గిగాబిట్లు, మెమరీ కార్డు మీద ఒక క్లాసు అంకె, పాత సీడీ డ్రైవ్ మీద 52 ఎక్స్ అని ఉంటాయి. ఇవన్నీ చెప్పేది ఒక్కటే: ఒక సెకనులో ఎంత డేటా ఒక చోటి నుంచి మరో చోటికి చేరుతుంది అన్నది. వీటిని ఒకదానిలోంచి మరొకదానిలోకి మార్చడానికి గుణకారం, భాగహారం తప్ప మరేమీ అక్కర్లేదు. అయినా ఈ లెక్కల్లో పొరపాట్లు తరచుగా దొర్లుతాయి. ఎందుకంటే చాలామంది అంకె కనబడగానే కాలిక్యులేటర్ తీస్తారు. దానికి ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. ఆ అంకె బిట్లలో ఉందా, బైట్లలో ఉందా? అందులోని కిలో, మెగా, గిగా అనేవి 1000 చొప్పున పెరిగేవా, 1024 చొప్పున పెరిగేవా? అది తీగ మీద ప్రయాణించే మొత్తం బిట్ల వేగమా, మన ఫైలుకు నిజంగా దక్కే వేగమా? ఈ మూడింటినీ ఇదే వరుసలో తేల్చుకుంటే లెక్క దానంతట అదే సాగుతుంది.

మొదటి మెట్టు: బిట్లా, బైట్లా?

బిట్ అంటే 0 లేదా 1. బైట్ అంటే 8 బిట్లు. తొలినాటి కంప్యూటర్లలో బైట్ పరిమాణం యంత్రాన్ని బట్టి మారేది. 1964లో వచ్చిన ఐబీఎం సిస్టమ్ 360 తరువాత 8 బిట్ల బైట్ క్రమంగా స్థిరపడింది. నేడు మీ చేతికి వచ్చే ఏ అంకె విషయంలోనైనా 8 అనే అనుకోవచ్చు.

ఇంగ్లీషులో రాసినప్పుడు చిన్న బి అక్షరం బిట్‌కు, పెద్ద బి అక్షరం బైట్‌కు గుర్తు. ఈ ఒక్క అక్షరం తేడాతో విలువ ఎనిమిది రెట్లు మారిపోతుంది. తెలుగులో రాసేటప్పుడు ఈ ఆధారం కూడా ఉండదు, ఎంబీ అని రాస్తే అది మెగాబిట్టో మెగాబైటో అక్షరాలను చూసి చెప్పలేం. అందువల్ల మీరు ఎవరికైనా రాసి ఇచ్చేటప్పుడు మెగాబిట్లు, మెగాబైట్లు అని పూర్తిగా రాయడం మంచిది. ఈ వ్యాసంలో కూడా ఎంబీపీఎస్ అన్న ప్రతిచోటా అది సెకనుకు మెగాబిట్లు అనే అర్థంలోనే వాడాను. బైట్ల గురించి చెప్పవలసినప్పుడు పూర్తి మాటే రాశాను.

గుర్తును నమ్మలేనప్పుడు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఇంటర్నెట్ ప్లాన్లు, రౌటర్లు, మోడెమ్‌లు, స్పీడ్ టెస్టులు, పాటల, వీడియోల బిట్ రేట్లు దాదాపు ఎప్పుడూ బిట్లలోనే ఉంటాయి. ఫైలు కాపీ చేసే విండో, బ్రౌజర్‌లోని డౌన్‌లోడ్ వరుస, హార్డ్ డిస్కులు, ఎస్ఎస్‌డీలు, మెమరీ కార్డులు బైట్లలో చెబుతాయి. దీనికి కారణం ఉంది. తీగ మీద డేటా బిట్ల వరుసగా వెళుతుంది గనుక నెట్‌వర్క్ ఇంజనీర్లు బిట్లను లెక్కపెట్టారు. కంప్యూటర్ తన మెమరీలో ప్రతి బైట్‌కూ ఒక చిరునామా ఇస్తుంది గనుక నిల్వకు సంబంధించినవన్నీ బైట్లలో స్థిరపడ్డాయి. యూఎస్‌బీ, సాటా వంటి కేబుళ్లు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. నిల్వ పరికరాలను కలిపేవే అయినా వాటి వేగాన్ని బిట్లలోనే చెబుతారు. అందువల్ల అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

రెండవ మెట్టు: 1000 చొప్పునా, 1024 చొప్పునా?

నెట్‌వర్క్ వేగాల విషయంలో సందేహం అక్కర్లేదు. అక్కడ కిలో అంటే వెయ్యి, మెగా అంటే పది లక్షలు, గిగా అంటే వంద కోట్లు, టెరా అంటే లక్ష కోట్లు. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ (కంప్యూటర్లను తీగతో కలిపే నెట్‌వర్క్) సెకనుకు సరిగ్గా 10 కోట్ల బిట్లు పంపుతుంది. 56 కిలోబిట్ల పాత మోడెమ్ అంటే 56,000 బిట్లు, 57,344 కాదు.

చిక్కు బైట్ల వైపే వస్తుంది. కంప్యూటర్ మెమరీ రెండు యొక్క ఘాతాల్లో పెరుగుతుంది గనుక 1024 బైట్లను కిలోబైట్ అని పిలవడం అలవాటైంది. అదే పద్ధతిలో 10,48,576 బైట్లు మెగాబైట్ అయింది, 107,37,41,824 బైట్లు గిగాబైట్ అయింది. ఒకే పేరుకు రెండు విలువలు ఏర్పడటంతో ఇంటర్నేషనల్ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో 1024 పద్ధతికి వేరే పేర్లు పెట్టింది. 1024 బైట్లు కిబిబైట్, దానికి 1024 రెట్లు మెబిబైట్, దానికి మళ్లీ 1024 రెట్లు గిబిబైట్. ఇంగ్లీషు గుర్తుల్లో వీటిని మధ్యనున్న చిన్న ఐ అక్షరంతో పోల్చుకోవచ్చు. ఆ ఐ కనిపిస్తే 1024 అని నిశ్చయంగా నమ్మవచ్చు. కనిపించకపోతే మాత్రం 1000 అని నిశ్చయించుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే విండోస్ నేటికీ 1024 చొప్పున లెక్కగట్టి పాత పేరే చూపిస్తుంది. మాక్ మాత్రం 2009లో వచ్చిన 10.6 వెర్షన్ నుంచి ఫైలు పరిమాణాలను 1000 చొప్పున చూపిస్తోంది.

ఈ తేడా ప్రమాణం పెరిగేకొద్దీ పెరుగుతుంది. కిలో స్థాయిలో 2.4 శాతం, మెగా స్థాయిలో దాదాపు 4.9 శాతం, గిగా స్థాయిలో దాదాపు 7.4 శాతం, టెరా స్థాయిలో దాదాపు 10 శాతం ఉంటుంది. కిలోబైట్లలో పట్టించుకోకపోయినా ఫర్వాలేదేమో గాని, గిగాబైట్లలో పట్టించుకోకపోతే జవాబు తప్పే.

మీ కంప్యూటర్ ఏ పద్ధతి పాటిస్తోందో తెలుసుకోవడానికి సులువైన మార్గం ఉంది. ఒక పెద్ద ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. అక్కడ గిగాబైట్ల అంకె పక్కనే బ్రాకెట్లలో మొత్తం బైట్ల సంఖ్య ఉంటుంది. సరిగ్గా 470 కోట్ల బైట్ల ఫైలు 4.7 గిగాబైట్లు అని కనిపిస్తే అక్కడ లెక్క 1000 చొప్పున నడుస్తోంది. 4.38కి దగ్గరగా కనిపిస్తే 1024 చొప్పున నడుస్తోంది. ఫైలు పరిమాణాలు చూపించే పద్ధతే కాపీ వేగం చూపించే పద్ధతి కూడా కావడం సాధారణం. బ్రౌజర్లు, డౌన్‌లోడ్ మేనేజర్లు మాత్రం ఎవరికి తోచిన పద్ధతి వాళ్లు పాటిస్తారు గనుక వాటిని విడిగా పరీక్షించుకోవాలి. ఏదైనా ఫైలును డౌన్‌లోడ్‌కు పెట్టి, బ్రౌజర్ చెప్పే మొత్తం పరిమాణాన్ని, దిగిన తరువాత ప్రాపర్టీస్‌లో కనిపించే బైట్ల సంఖ్యను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది.

మూడవ మెట్టు: ముందు సెకనుకు బిట్లలోకి దించండి

ఏ ప్రమాణం నుంచి ఏ ప్రమాణంలోకైనా నేరుగా మార్చే సూత్రాలు కంఠస్థం చేయనక్కర్లేదు. ఉన్న అంకెను ముందు సెకనుకు ఇన్ని బిట్లు అనే మూల రూపంలోకి దించండి. తరువాత అక్కడి నుంచి కావలసిన ప్రమాణంలోకి ఎక్కించండి. ఒక అడుగు ఎక్కువైనట్టు అనిపించినా, తప్పు ఎక్కడ జరిగిందో కంటికి కనిపించే పద్ధతి ఇదే.

40 ఎంబీపీఎస్‌ను సెకనుకు మెగాబైట్లలోకి మార్చాలనుకోండి. 40 మెగాబిట్లంటే 4 కోట్ల బిట్లు. 8తో భాగిస్తే 50 లక్షల బైట్లు. పది లక్షలు ఒక మెగాబైట్ గనుక జవాబు సెకనుకు 5 మెగాబైట్లు. రెండు వైపులా మెగా అనేది 1000 పద్ధతిలోనే ఉంటే మధ్యలోని సున్నాలు కొట్టుకుపోతాయి, 8తో భాగించడమే మిగులుతుంది. వెనక్కి మార్చడానికి 8తో గుణించాలి. సెకనుకు 2.5 మెగాబైట్లు అంటే 20 ఎంబీపీఎస్.

రెండు వైపులా పద్ధతులు వేరైనప్పుడు మూల రూపం ఎంత ఉపయోగమో తెలుస్తుంది. ఒక ప్రోగ్రామ్ వేగాన్ని సెకనుకు 750 కిబిబైట్లు అని చూపిస్తోందనుకుందాం. 750ని 1024తో గుణిస్తే 7,68,000 బైట్లు. దాన్ని 8తో గుణిస్తే 61,44,000 బిట్లు. పది లక్షలతో భాగిస్తే 6.144 ఎంబీపీఎస్. 750ని 8తో గుణించి 1000తో భాగించి ఉంటే 6 వచ్చేది. ఎదురు దిశలో 1.2 గిగాబిట్ల వేగాన్ని మెబిబైట్లలోకి మార్చాలంటే, 120 కోట్ల బిట్లను 8తో భాగించగా 15 కోట్ల బైట్లు వస్తాయి, వాటిని 10,48,576తో భాగిస్తే సెకనుకు దాదాపు 143 మెబిబైట్లు అవుతాయి. ఈ పని తరచుగా చేసేవారు ఒక గుణకాన్ని గుర్తుపెట్టుకోవచ్చు: ఎంబీపీఎస్ అంకెను 0.1192తో గుణిస్తే సెకనుకు మెబిబైట్లు వస్తాయి.

కాలిక్యులేటర్ చేతిలో లేనప్పుడు 8తో భాగించడానికి రెండు ఉపాయాలున్నాయి. సరి సంఖ్యలను మూడుసార్లు సగం చేయండి: 72 సగం 36, దాని సగం 18, దాని సగం 9. గుండ్రని సంఖ్యలను పదో వంతు చేసి, వచ్చినదానికి దాని పావు వంతు కలపండి: 300లో పదో వంతు 30, పావు వంతు 7.5, మొత్తం 37.5. ఈ రెండవ పద్ధతి ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన జవాబునే ఇస్తుంది.

జవాబు రాగానే దిశ సరిచూసుకోండి. బిట్ల నుంచి బైట్లకు వెళ్లినప్పుడు అంకె చిన్నదవ్వాలి, బైట్ల నుంచి బిట్లకు వచ్చినప్పుడు పెద్దదవ్వాలి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 800 మెగాబైట్లు అని వస్తే, భాగించవలసిన చోట గుణించారన్న మాట.

సమయాన్ని, పరిమాణాన్ని కలిపి లెక్కించడం

చాలామందికి నిజంగా కావలసింది వేగం కాదు, ఫైలు ఎంతసేపట్లో దిగుతుందన్నది. ఫైలు పరిమాణాన్ని బిట్లలోకి మార్చి, సెకనుకు బిట్లతో భాగిస్తే సెకన్లు వస్తాయి. 470 కోట్ల బైట్ల ఫైలు అంటే 3,760 కోట్ల బిట్లు. 40 ఎంబీపీఎస్ అంటే 4 కోట్ల బిట్లు. భాగిస్తే 940 సెకన్లు, అంటే 15 నిమిషాల 40 సెకన్లు. అదే 4.7 గిగాబైట్ల అంకె 1024 పద్ధతి పాటించే కంప్యూటర్‌లో కనిపించి ఉంటే ఫైలులో సుమారు 504.66 కోట్ల బైట్లుంటాయి, దానికి 1,009 సెకన్లు, అంటే 16 నిమిషాల 49 సెకన్లు పడుతుంది. రెండవ మెట్టును దాటేస్తే ఈ ఒక్క ఫైలులోనే నిమిషానికి పైగా తేడా వచ్చింది.

వేగం తెలిసి మొత్తం డేటా ఎంతవుతుందో తెలుసుకోవాలంటే ఇదే లెక్కను తిరగేయాలి. గంటకు 3,600 సెకన్లు, రోజుకు 86,400 సెకన్లు. 1 ఎంబీపీఎస్ వేగం గంటసేపు నిలకడగా నడిస్తే 450 మెగాబైట్లు, ఒక రోజు నడిస్తే 10.8 గిగాబైట్లు, 30 రోజులు నడిస్తే 324 గిగాబైట్లు వెళతాయి. ఇందులో 450 అనే అంకెను గుర్తుపెట్టుకోవడం ఎంతో ఉపయోగం. 5 ఎంబీపీఎస్ బిట్ రేటు ఉన్న వీడియోను రెండు గంటలు చూస్తే 5ను 450తో, మళ్లీ 2తో గుణించాలి. అంటే 4,500 మెగాబైట్లు, లేదా 4.5 గిగాబైట్లు. రోజంతా రికార్డు చేసే నిఘా కెమెరాకు ఎంత పెద్ద డిస్కు కావాలో, నెలకు ఇంత అని పరిమితి ఉన్న కనెక్షన్ ఎన్ని గంటల వీడియోకు సరిపోతుందో ఈ లెక్కతోనే చెప్పవచ్చు. 2 ఎంబీపీఎస్ కెమెరా 30 రోజులకు 648 గిగాబైట్లు రాస్తుంది. టెరాబైట్ అని అమ్మే డిస్కులో అది పడుతుంది. అలాంటి కెమెరాలు రెండు ఉంటే పట్టదు.

పాటలకూ ఇదే వర్తిస్తుంది. 128 కిలోబిట్ల ఎంపీ3 పాట సెకనుకు 16 కిలోబైట్లు తీసుకుంటుంది, నాలుగు నిమిషాలకు 3.84 మెగాబైట్లు. ఆడియో సీడీలో ఒక్కో ఛానెల్‌కు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, రెండు ఛానెళ్లు ఉంటాయి. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు.

నాలుగవ మెట్టు: తీగ వేగమా, ఫైలు వేగమా?

పై మూడు మెట్లూ సరిగా ఎక్కినవారికి కూడా ఒక దగ్గర అంకెలు కలవవు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద సెకనుకు 12.5 మెగాబైట్లు రావాలి. ఏ ఇబ్బందీ లేని రోజున కూడా డౌన్‌లోడ్ విండోలో 11.2 దగ్గర నిలిచిపోతుంది. కనెక్షన్‌లో లోపం ఉందని అనుకునే ముందు ఆ 1.3 ఎక్కడికి పోయిందో లెక్కగట్టి చూడండి. ఈ ఒక్క ఉదాహరణను చివరిదాకా చేసి చూస్తే మొత్తం విషయం చేతికి చిక్కుతుంది.

ఈథర్నెట్ మీద డేటా ముక్కలుగా వెళుతుంది. సాధారణంగా ఒక్కో ముక్క గరిష్ఠంగా 1,500 బైట్లు. ఉత్తరం మీద చిరునామా కవరు ఉన్నట్టే ప్రతి ముక్క మీదా అది ఎక్కడికి వెళ్లాలో చెప్పే సమాచారం ఉంటుంది, దాన్నే హెడర్ అంటారు. ఇంటర్నెట్‌లో డేటా పంపే నియమాలు ఐపీ, టీసీపీ. ఆ 1,500లోనే ఐపీ హెడర్ 20 బైట్లు, టీసీపీ హెడర్ 20 బైట్లు, దానితో సాధారణంగా వచ్చే టైమ్ స్టాంప్ 12 బైట్లు తీసుకుంటాయి. ఫైలుకు మిగిలేది 1,448 బైట్లు. ఇక 1,500కు బయట ఈథర్నెట్ హెడర్ 14, తప్పులు పట్టుకునే చెక్ 4, ముక్క మొదలవుతోందని తెలిపే ముందస్తు సంకేతం 8, రెండు ముక్కల మధ్య విరామం 12 బైట్లకు సరిపడా, మొత్తం 38 ఉంటాయి. అంటే తీగ మీద 1,538 బైట్ల సమయం ఖర్చయితే ఫైలుకు చేరేది 1,448 బైట్లు. శాతంలో ఇది 94.15.

ఇప్పుడు లెక్క చేయండి. 10 కోట్ల బిట్లలో 94.15 శాతం అంటే 9.415 కోట్ల బిట్లు. 8తో భాగిస్తే సుమారు 117.7 లక్షల బైట్లు, అంటే 1000 పద్ధతిలో సెకనుకు 11.77 మెగాబైట్లు. విండో 1024 పద్ధతి పాటిస్తే 10,48,576తో భాగించాలి, 11.22 వస్తుంది. తెర మీద కనిపించిన 11.2 అదే. కనెక్షన్ తన పని తాను పూర్తిగా చేస్తోంది, 12.5కు, 11.2కు మధ్య ఉన్న తేడాలో కొంత హెడర్లది, మిగిలింది 1024ది. గిగాబిట్ ఈథర్నెట్‌కు ఇదే లెక్కను పదింతలు చేసుకోవచ్చు: దాదాపు 941 ఎంబీపీఎస్, లేదా సెకనుకు 117.7 మెగాబైట్లు. మీ విండోలో ఈ అంకెలకన్నా చాలా తక్కువ కనిపిస్తే అప్పుడు కారణం వెతకడంలో అర్థం ఉంది.

వైఫై విషయంలో ఇలాంటి స్థిరమైన శాతం చెప్పడం కుదరదు. పరికరం చూపించే లింక్ వేగం రేడియో సంకేతానిది. ఆ రేడియో దారిని చుట్టూ ఉన్న పరికరాలన్నీ వంతులవారీగా వాడుకుంటాయి, ప్రతి ముక్కకూ అందిందన్న జవాబు కూడా అదే దారిలో రావాలి. కాబట్టి ఫైలు వేగం లింక్ వేగం కన్నా బాగా తక్కువగా ఉండటం సహజం. కొలిచి తెలుసుకోవడమే మార్గం.

ఎనిమిదికి బదులు పదితో భాగించవలసిన చోట్లు

కొన్ని కేబుళ్లలో 8 బిట్ల డేటాను 10 బిట్ల సంకేతంగా మార్చి పంపుతారు. సంకేతంలో 0లు, 1లు సమతూకంగా ఉండటానికి, అవతలి పరికరం తన గడియారాన్ని దానితో సరిచూసుకోవడానికి ఆ అదనపు బిట్లు పనికివస్తాయి. 6 గిగాబిట్ల సాటా ఇలాంటిదే. అందుకే దాని గరిష్ఠ వేగం సెకనుకు 750 కాక 600 మెగాబైట్లు. 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3.0కు ఇదే కారణంగా 625 కాక 500 మెగాబైట్లు. వీటికి బిట్లను 10తో భాగించండి. ఆ తరువాతి ప్రమాణాల్లో వృథా తగ్గించారు. 10 గిగాబిట్ల యూఎస్‌బీలో 128 బిట్లకు 132 బిట్లు వెళతాయి, గరిష్ఠం సెకనుకు సుమారు 1,212 మెగాబైట్లు. కంప్యూటర్ లోపలి భాగాలను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0లో 128కి 130 వెళతాయి. ఒక్కో లేన్ (డేటా వెళ్లే ఒక దారి) వేగం 8 గిగాట్రాన్స్‌ఫర్లు, అంటే సెకనుకు 800 కోట్ల బిట్లు గనుక లేన్‌కు సెకనుకు సుమారు 985 మెగాబైట్లు, నాలుగు లేన్లు వాడే ఎస్ఎస్‌డీకి సుమారు 3.94 గిగాబైట్లు దాటదు. పాత 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0కు మాత్రం ఇలాంటి సంకేతం లేదు, 8తో భాగిస్తే 60 మెగాబైట్లు వస్తుంది. ఆచరణలో అది కూడా ఎప్పుడూ అందదు.

ఈ సూత్రాన్ని ఈథర్నెట్‌కు అంటగట్టవద్దు. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్‌లో కూడా 4 బిట్లకు 5 బిట్లు పంపే సంకేతం ఉంది, కాని దాని తీగ వేగం సెకనుకు 12.5 కోట్లు. 100 అన్నది ఆ అదనం తీసేశాక మిగిలిన వేగం. దాన్నుంచి మరోసారి 20 శాతం తీసివేస్తే రెండుసార్లు తీసినట్టవుతుంది.

మైక్రోకంట్రోలర్లతో పనిచేసేవారు సీరియల్ పోర్టు మీద 9600 బాడ్ అనే అంకె చూస్తారు. బాడ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు సంకేతం మారగలదన్నది. ఈ పోర్టులో ఒక మార్పుకు ఒక బిట్ కాబట్టి బాడ్, బిట్ రేటు ఒకటే అవుతాయి. అయితే సాధారణ అమరికలో ప్రతి బైట్‌కు ముందు ఒక ప్రారంభ బిట్, చివర ఒక ముగింపు బిట్ చేరతాయి. అందుకే 9600 బాడ్ అంటే సెకనుకు 1,200 బైట్లు కాదు, 960 బైట్లు. 1,15,200 బాడ్ అంటే 11,520 బైట్లు. ఒక మార్పులో ఒకటికన్నా ఎక్కువ బిట్లు పంపే చోట బాడ్‌కు, బిట్ రేటుకు పొంతన ఉండదు. గిగాబిట్ ఈథర్నెట్ నాలుగు జతల తీగల మీద జతకు 12.5 కోట్ల బాడ్ చొప్పున, ఒక్కో మార్పులో 2 బిట్లు పంపి 100 కోట్ల బిట్లు సాధిస్తుంది.

ఎక్స్ అంకెలు, కార్డుల క్లాసులు

డిస్కుల మీద కనిపించే ఎక్స్ అంకెకు దానికంటూ ఒక స్థిరమైన విలువ లేదు, అది ఏ డిస్కు అన్నదాన్ని బట్టి ఉంటుంది. డేటా సీడీలో 1 ఎక్స్ అంటే సెకనుకు 2,048 బైట్ల సెక్టార్లు 75, అంటే 1,53,600 బైట్లు. డీవీడీలో 1 ఎక్స్ అంటే సుమారు 13.85 లక్షల బైట్లు. బ్లూ-రేలో 36 మెగాబిట్లు, అంటే 45 లక్షల బైట్లు. కాబట్టి 52 ఎక్స్ సీడీ డ్రైవ్ గరిష్ఠంగా సెకనుకు 8 మెగాబైట్లకు కాస్త తక్కువ చదివితే, 16 ఎక్స్ డీవీడీ డ్రైవ్ దాదాపు 22 మెగాబైట్లు చదువుతుంది.

మెమరీ కార్డు మీద క్లాస్, వీ అంకెలు నేరుగా మెగాబైట్లలోనే ఉంటాయి. క్లాస్ 10 అంటే వరుసగా రాసేటప్పుడు సెకనుకు కనీసం 10 మెగాబైట్లు, వీ30 అంటే కనీసం 30, వీ60 అంటే కనీసం 60. కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండే 100 లేదా 170 వంటి అంకె సాధారణంగా గరిష్ఠ చదివే వేగం, రికార్డింగ్‌కు దాన్ని లెక్కలోకి తీసుకోకండి. కెమెరా వివరాల్లో వీడియో బిట్ రేటు మెగాబిట్లలో ఉంటుంది, దాన్ని 8తో భాగించి కార్డు కనీస వేగంతో పోల్చండి. 100 మెగాబిట్ల వీడియోకు సెకనుకు 12.5 మెగాబైట్లు కావాలి, క్లాస్ 10 హామీ ఇచ్చే వేగం దానికి చాలదు, వీ30 చాలు. 200 మెగాబిట్లకు 25 మెగాబైట్లు, వీ30 ఇంకా చాలు. 400 మెగాబిట్లకు 50 మెగాబైట్లు, వీ60 తప్పనిసరి.

చివరి మెట్టు: జవాబును రాసిపెట్టడం

లెక్క మధ్యలో దశాంశాలను కుదించవద్దు, చివర ఒక్కసారే కుదించండి. 10,48,576ను పది లక్షల యాభై వేలుగా మధ్యలోనే మార్చేస్తే, ఆ తరువాత సమయం, రోజులు గుణించుకుంటూ పోయేకొద్దీ ఆ తేడా కూడా పెద్దదవుతుంది. చివరి జవాబులో కూడా మొదట ఉన్న అంకెకు తగినంత సూక్ష్మతే ఉంచండి. క్షణక్షణానికీ మారే స్పీడ్ టెస్టు 93.7 చూపించిందని 11.7125 మెగాబైట్లు అని రాయడం అనవసరం, 11.7 చాలు.

వేగాన్ని మరొకరికి పంపేటప్పుడు ప్రమాణం పేరు పూర్తిగా రాసి, ఏ పద్ధతిలో లెక్కించారో, ఎక్కడ కొలిచారో పక్కనే చేర్చండి. ఉదాహరణకు: "సెకనుకు 11.2 మెబిబైట్లు, మెబిబైట్ అంటే 10,48,576 బైట్లు, ఫైలు డౌన్‌లోడ్ విండోలో చూసినది; ఇది సుమారు 94 ఎంబీపీఎస్." ఇలా రాసి ఉంటే మీ కనెక్షన్‌ను సరిచేయడానికి వచ్చిన సాంకేతిక నిపుణుడు ఆ అంకె దేనిదో మిమ్మల్ని మళ్లీ అడగవలసిన పని ఉండదు, తన పరికరం చూపించే మెగాబిట్లతో నేరుగా పోల్చుకోగలుగుతారు.